మా మేడమీది దీపము

విశాఖపట్టణమున సముద్రమునకు ఎదురుగా నున్న యొక మేడలో నేను కాపురముండుట కిది ఆరవ యేడు. అంతకుముందు నా బ్రతుకంతయు నాగావళి పరిసరములలోనే గడచినది. పుట్టిన పల్లె ఏటి యొడ్డుననే. పాఠములు చెప్పిన బడులును ఆ చుట్టుపట్లనే. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట నా కుమారుడు పట్టుపట్టి, కిర్లంపూడి లేఅవుటులోని తన యింటికి మమ్ములను తీసికొనివచ్చెను. ఐదవ అంతస్తు. తలుపు తీసి వసారాలోనికి వచ్చినంతనే ఎదుట ఆకాశము, దాని క్రింద సముద్రము. మఱి వేఱొకటి లేదు. ఆ మొదటి దినమున నేను కాఫీ చేత పట్టుకొని, త్రాగుట మఱచి, అట్లే నిలువబడితిని. కోడలు వచ్చి ఆ చల్లారిన కాఫీని తీసికొనిపోయి మఱల వెచ్చచేసి తెచ్చినది. ఇట్టి యిండ్లలో సముద్రము కనబడు గదుల కొక వెల, కనబడని గదుల కొక వెల యని నాకు పిదప తెలిసినది. నేను పుట్టిన పల్లెలో ఏరు అందఱికిని ఊరకనే కనబడెడిది.

అయినను, ఆ దృశ్యముకంటె నన్ను ఎక్కువగా ఆశ్చర్యపఱచినది వేఱొకటి కలదు. ఇచ్చట మనుష్యుడు నడువవచ్చును.

ఇందేమి వింత యని మీరనవచ్చును. నేటి పట్టణములలో నడక యొక సాహసముగా మాఱినది. కాలిబాటపై మోటారు సైకిళ్లు నిలిపియుందురు. అవి లేనిచోట మురుగు కాలువమీది పలక విరిగియుండును. ఆ రెండును లేనిచోట కాలిబాటయే యుండదు. నేను పనిచేసిన యొక ఊరిలో, బజారునకు బయలుదేరునప్పుడెల్ల నా భార్య, "డబ్బు తీసుకున్నారా?" అని యడుగుటకు ముందు "కళ్లద్దాలు పెట్టుకున్నారా?" అని యడిగెడిది. ఇచ్చట నట్లు కాదు. పాలు, మందులు, కూరగాయలు, వైద్యుడు, మా మనుమరాలి బడి అన్నియు కాలినడక దూరములోనివే. కొంచెము మెట్ట యెక్కినచో ఆంధ్ర విశ్వవిద్యాలయము. 1926లో బెజవాడలో స్థాపింపబడిన ఆ విద్యాలయము 1930లో వాల్తేరునకు వచ్చినది. దాని చెట్ల నీడలలో సాయంకాలము నడచుచున్నచో, ఎప్పుడో చదువవలసి చదువలేకపోయిన చదువులన్నియు గుర్తునకు వచ్చును.

ఉదయపు నడక మాత్రము సముద్రపు టొడ్డుననే. తెల్లవాఱుజామున కొంతసేపు ఈ రోడ్డుపైకి వాహనములను రానీయరు. ఆ కొలది సేపును రోడ్డంతయు మనుష్యులదే. పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, నౌకాదళమువారు, కాళ్లకు కొత్త జోళ్లు తొడిగికొని పరుగెత్తు విద్యార్థులు, ఒకరి చేయి నొకరు పట్టుకొని నడచు వృద్ధ దంపతులు, అందఱును నడిరోడ్డున నిర్భయముగా పోవుచుందురు. రామకృష్ణ మఠము ఈ తీరమున నుండుటచేత ఆ భాగమునకు రామకృష్ణా బీచియను పేరు వచ్చినది. అచ్చటినుండి ఉత్తరముగా వచ్చుచో, ఇసుకపై నిలిపిన కుర్సుర జలాంతర్గామి కనబడును. 1969లో మన నౌకాదళమున చేరి, ముప్పది యొక్క సంవత్సరములు సముద్ర గర్భమున తిరిగి, 2001లో విశ్రాంతి తీసికొని, మఱుసటి యేడు ప్రదర్శనశాల యైనది. దాని పొడవు తొంబది యొక్క మీటర్లు. రోడ్డునకు ఆవలి ప్రక్కన 2017లో తెచ్చి నిలిపిన పెద్ద నిఘా విమానము. నీటిలో నుండవలసినది ఇసుకపైనను, ఆకాశమున నుండవలసినది నేలపైనను విశ్రమించుచుండగా, వానినడుమ నావంటి విశ్రాంత ఉద్యోగులు నడచుచుందురు. ఆ యొద్దిక నాకు నచ్చినది.

ఈ రోడ్డు వెంట గురజాడ, శ్రీశ్రీ మొదలగు మహనీయుల విగ్రహములును కలవు. శ్రీశ్రీ ఈ పట్టణముననే 1910లో జన్మించెను. మా మనుమరాలికి నేను చెప్పిన తెలుగు సాహిత్య చరిత్ర యంతయు ఈ విగ్రహముల యొద్దనే. ఎండ ముదురక ముందే యిల్లు చేరవలెను గనుక పాఠము పొడిగించుటకు వీలు లేదు. అందులకు ఆ పిల్ల సంతోషించును.

ఇక సముద్రతీర నివాసమున కష్టములు లేవా యందురేమో. ఉప్పుగాలి యినుమును తినును. కిటికీ ఊచలు, తలుపు బందులు, మా కుమారుని సైకిలు, ఏదియు రెండేండ్లు నిలువదు. కళ్లద్దములు దినమునకు నాలుగు సారులు తుడువవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముపై పడినప్పుడు నేను ఇంకను మా ఊరనే యుంటిని. ఆనాడు గాలి గంటకు నూట యెనుబది కిలోమీటర్లకు మించి వీచినది. మా యిరుగుపొరుగువా రా కథను ఇప్పటికిని చెప్పుచుందురు. సముద్రమునకు ఎదురుగా నున్న గాజు కిటికీలే మొదట పగిలినవట. పిదప విద్యుత్తు లేదు, లిఫ్టు లేదు, నీరు పైకెక్కదు. ఎక్కువ వెల యిచ్చి పై అంతస్తులు కొన్నవారు బిందెలతో మెట్లెక్కవలసి వచ్చెను. ఎంత యెత్తున నున్నవారికి అంత శ్రమ.

ఇట్టి మేడలలో నివసించువారికి సంఘ మొకటి యుండును. లిఫ్టు, నీరు, కావలివాడు, చెత్త, వీనినిగూర్చి అది నిర్ణయములు చేయును. నేను తెలుగు పండితుడనని తెలిసినది మొదలు, తెలుగున వ్రాయవలసిన కాగితములన్నియు నా యొద్దకు రాసాగెను. మునుపు వందలమంది పిల్లల తప్పులు దిద్దిన చేతికి పని దొరకినదని నేనును లోలోపల పొంగిపోతిని.

మా గేటు ప్రక్కన కాలిబాటపై దినమును ఉదయమున నొక జాలరి స్త్రీ సత్తుతట్టతో చేపలు తెచ్చి కూర్చుండెడిది. వయస్సు ఏబది దాటియుండును. నడక ముగించి వచ్చువారు ఆమె యొద్ద ఆగి బేరమాడెడివారు. కవ్వళ్లు, నెత్తళ్లు ఎప్పుడును ఉండును. అదృష్టము బాగున్న దినమున చందువ, వంజరము. ఆమె కత్తిపీట ముందు వేసికొని, మాటలాడుచునే పొలుసు గీసి, ముక్కలు కోసి యిచ్చెడిది. చుట్టును కాకులు, రెండు పిల్లులు. కడిగిన నీరు పల్లమునకు పాఱి మా గేటు ముందు నిలిచెడిది. మా యింట చేపలు వండరు. ఆ వాసన నాకు కష్టముగా నుండుట నిజము. నావలెనే మఱికొందఱికిని కష్టముగా నుండెను. కార్లలో వచ్చు చుట్టములముందు చిన్నతనముగా నున్నదని మఱికొందఱు చెప్పిరి.

ఫిబ్రవరి నెలలో జరిగిన సమావేశమున, ఆమెను అచ్చటినుండి తొలగింపుమని అధికారులకు అర్జీ పెట్టవలెనని నిశ్చయించిరి. వ్రాయువాడను నేను. రెండు రాత్రులు కూర్చుండి వ్రాసితిని. "పరిసరములు దుర్గంధభూయిష్ఠములై పాదచారులకు దుస్సహములగుచున్నవి" అను వాక్య మొకటి నాకు ఇంకను కంఠస్థముగా నున్నది. ఆనాడు దానిని రెండు మూడు సారులు బిగ్గరగా చదువుకొంటిని గదా! ఆమెయు పాదచారియే యనియు, ఆ తట్ట నెత్తిన పెట్టుకొని మాకంటె ముందుగనే ఆ రోడ్డున నడచి వచ్చుచున్నదనియు నాకప్పుడు తోచలేదు. అదే సమావేశమున మఱి రెండు చిన్న తీర్మానములు జరిగెను. లిఫ్టులో కుక్కలను ఎక్కింపరాదని యొకటి. మేడపైన నీళ్లతొట్టె ప్రక్కన రాత్రియెల్ల వెలుగుచుండు పెద్ద దీపమును వృథా ఖర్చని ఆర్పివేయుట మఱియొకటి. రెంటికిని చేయి యెత్తితిని.

మూడు వారములలో అర్జీ ఫలించినది. ఒక ఉదయమున బండి వచ్చెను. ఆమెను లేపి పంపివేసిరి. ఆ చోట రెండు పూలకుండీలు వెలసినవి. అందఱును నా శైలిని మెచ్చుకొనిరి.

మఱునాడు బడికి పోవుచు మా మనుమరాలు ఆగి, "తాతయ్యా, చేపలమ్మ ఏదీ?" అని యడిగెను. ఇక రాదని చెప్పితిని. "ఎందుకు?" అనెను. బడికి వేళయగుచున్నదని చెప్పితిని.

ఆ మాట నా మనస్సున ముల్లువలె నుండిపోయినది. అయినను మాసములు గడచినవి. మే నెల వచ్చెను. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, అరువది యొక్క దినములు, మోటారు పడవలు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ప్రభుత్వము పెట్టిన కట్టుబాటిది. ఆ దినములలో పడవలన్నియు ఇసుకపైకి లాగి యుంచుదురు. ఒక ఉదయమున నేను వాడుక దాటి ఉత్తరముగా చాల దూరము నడచి, అలసి, ఒక పడవ నీడను కూర్చుంటిని. అచ్చట నొక ముసలి జాలరి కాలి బొటనవ్రేలికి వల తగిలించుకొని, చినిగిన కన్నులను అల్లుచుండెను. డెబ్బది యేండ్లు పైబడినవాడు. నన్ను చూచి నవ్వెను. మాటలు కలిసినవి.

తన చిన్నతనమున ఈ తీరమెట్లుండెనో చెప్పెను. ఇప్పుడు మేము నడచు గోడకు ఆవల వలలారవేయుటకు చాలినంత ఇసుక యుండెడిదట. అలలు ఎక్కడనో దూరమున విఱిగెడివట. "సంద్రం దగ్గరకొచ్చేసినాది బాబూ" అనెను. ఈ మాటలో నిజము కలదు. మన తీరమున నైరుతి ఋతుపవనముల కాలమందు అలలు దక్షిణమునుండి ఏటవాలుగా వచ్చి యిసుకను ఉత్తరమునకు త్రోయును. చలికాలమున గాలి మాఱినప్పుడు కొంత వెనుకకు వచ్చును. కాని పోయినంత తిరిగి రాదు. దక్షిణమునుండి క్రొత్త యిసుక వచ్చుచున్నంతకాలము లోటు తెలియదు. 1933లో మన రేవు తెఱవబడినది. దానిని అలలనుండి కాపాడుటకు రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అడ్డుకట్టగా వేసిరి. 1970ల దశకమున వెలుపలి రేవు కట్టినప్పుడు మఱింత పెద్ద రాతికట్టలు సముద్రములోనికి సాగినవి. ఓడలకు నీడ దొరకినది. ఉత్తరమునకు పోవలసిన యిసుక అచ్చట చిక్కుపడినది. అందుచేతనే ఆ యిసుకను యంత్రములతో తోడి, గొట్టముల గుండ తెచ్చి రామకృష్ణా బీచిపై పోయు పద్ధతి యేర్పడినది. రేవు లేనిచో నేటి విశాఖయే లేదు. కాని మేము చూచి మురియు తీరము కొంతవఱకు తోడిపోసిన తీరమని నాకు అంతవఱకు తెలియదు.

ఆ మాటయు ఈ మాటయు అయిన తరువాత, వల యెట్లు చినిగినదని యడిగితిని.

"రాయి మీద పడ్డాది బాబూ. మా గుంటడికి గురుతు తప్పిపోనాది."

సముద్రము మీద గుర్తేమి యని యడిగితిని. అతడు వల ప్రక్కన పెట్టి, ఇసుకపై వ్రేలితో గీసి చూపెను. నీటి అడుగున నొకచోట రాళ్లున్నవి. వాని చుట్టును చేపలు చేరును. వానిపై పడినచో వల చినిగిపోవును. కాబట్టి ఆ చోటు సరిగా తెలియవలెను. పగలైనచో కొండలు, మేడలు గుర్తులు. రాత్రి యైనచో దీపములు. తీరమున నున్న యొక మేడ దీపము, దాని వెనుక మెట్టమీది టవరు యెఱ్ఱదీపము ఒకదాని క్రింద నొకటి వచ్చు నట్లు పడవను నడపవలెను. అది యొక వరుస. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభము, దాని ముందు రేవుకట్ట కొసనున్న దీపము కలిసినప్పుడు రెండవ వరుస. ఆ రెండు వరుసలును కలిసినచోట రాళ్లు. రెండు సరళరేఖలు ఒకే బిందువున ఖండించుకొనునని మీరు గణితమున చదివియుందురు. ఆ వృద్ధుడు బడి మొగము చూడలేదు. అతనికి ఆ సూత్రము తండ్రి నేర్పెను, తండ్రికి తాత.

"ఇప్పుడు గుంటలు ఫోనులో సూసుకుంటారు. తడిసిపోతే ఏటి సూత్తారు? దీపాన్నే సూడాల."

"అయితే గుర్తు ఎట్లు తప్పినది?"

అతడు దక్షిణముగా చేయి చాచెను. "అల్లదిగో, ఆ నీలం మేడ. ఆ దీపం మాకు శానా ఏళ్ల నుంచి గురుతు. మొన్న పండగెల్లినాక ఆరిపోనాది. ఎవులైనా సచ్చిపోనారో, ఇల్లు ఒగ్గేసి ఎల్లిపోనారో అనుకున్నాం."

ఆ నీలి మేడ మాదే. ఆ మేడలో ఎవరును చావలేదనియు, ఖర్చు తగ్గించుటకు మేమే ఆర్పితిమనియు చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఐదేండ్లుగా నేను వసారాలో కూర్చుండి సముద్రమును చూచుచున్నాను. సముద్రము మీదినుండి మమ్ములను చూచువారున్నారని నాకు ఒక్కనాడును స్ఫురింపలేదు. మేము కొన్నది దృశ్యము. మేమును ఒకరికి దృశ్యమే.

లేచునప్పుడు, మా గేటు యొద్ద చేపలమ్ము ఆమెను గూర్చి యడిగితిని. అతనికి తెలియును. ఆమె యిల్లు పెద్దజాలరిపేటలో, తమ వీథికి రెండవ వీథి. అక్కడికి మా యింటినుండి అరగంట నడక. ఆరేండ్లుగా ఈ తీరమున నడచుచు, ఆ అరగంట నడవని నేను ఆ సాయంకాలము నడచితిని.

పేటలో వీథులు సన్నములు. ఇండ్ల అరుగులపై వలలు, తాళ్లు, ఎండుచేపల చాపలు. పిల్లలు గోలీలాడుచుండిరి. మా వీథిలో ఒకరి గుమ్మము ముందు వేఱొకరు నిలిచినచో కావలివాడు వచ్చి అడుగును. ఇచ్చట నన్ను చూచి నలుగురు దారి చెప్పిరి. ఆమె గుమ్మములో కూర్చుండి ఎండు నెత్తళ్లు ఏఱుచుండెను. నన్ను గుర్తుపట్టి, "మేడ బాబుగారు గదా!" అని పీట వేసెను.

నేను కూర్చుండలేదు. ఆనాటి అర్జీ వ్రాసినవాడను నేనేయని చెప్పితిని. ముప్పదియైదేండ్లు తరగతులముందు నిలిచి మాటలాడినవాడను. ఆ ఒక్క వాక్యము చెప్పుటకు నాకు ఎన్నడును లేనంత శ్రమ కలిగినది.

ఆమె చేయి ఆగలేదు. "రాసినోరు మీరేటి?" అనెను. కొంతసేపటికి మఱల, "ఆ కాయితం నా ముందే సదివినారు బాబూ. ఎంత బాగా రాసినారో అన్నాడు ఆ బాబు. నాకు సగం మాటలు తెలవనేదు. దుర్గందం అన్నది మాత్తరం తెలిసినాది."

తిట్టినను బాగుండెడిది.

ఇప్పుడెట్లు గడచుచున్నదని యడిగితిని. చినవాల్తేరు మెట్టలపై గుమ్మము గుమ్మము తిరుగుచున్నదట. కూర్చున్నచోటికి కొనువారు వచ్చుట వేఱు. కొనువారిని వెదకికొని తట్టతో మెట్లెక్కుట వేఱు. మోకాలు ఒప్పుకొనుట లేదనెను. మధ్యాహ్నమునకు మిగిలిన చేపలు సగము ధరకు పోవునట. చెప్పవలసినవన్నియు చెప్పి, లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. త్రాగితిని.

ఇంటికి వచ్చి రెండవ కాగితము వ్రాసితిని. ఈ సారి సమాసములు లేవు. ఐదు వాక్యములు. చేపలమ్మను ఇదివఱకువలె కూర్చుండనిమ్మని, మేడమీది దీపము మఱల వెలిగింపుమని, రెంటికిని కారణములు.

సమావేశమున దీపము సంగతి సులభముగానే తేలినది. మా మేడలో నౌకాదళమున పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకరు కలరు. రేవులోనికి ఓడలు దారి తప్పక వచ్చుటకు ఇట్టి జంటదీపములనే కట్టుదురనియు, జాలరులు చేయునది నావికులు నేర్చుకొను విద్యయేననియు ఆయన చెప్పెను. తక్కువ విద్యుత్తుతో వెలుగు దీపము పెట్టుదమనిరి. ఎవరును కాదనలేదు. చేపల తట్ట సంగతి యట్లు కాదు. గంటసేపు వాదము జరిగినది. "తామే వ్రాసి తామే చెఱిపివేయుదురా?" అని యొకరు నన్ను నిలదీసిరి. అవునంటిని. దీపమునకు దుర్వాసన లేదు గనుక దయ చూపుట సులభమని నేను అనకుండవలసినది; అంటిని. ఒకరు మూడు నెలలు నాతో మాటలాడలేదు. తుదకు, గేటు ముందు కాదు, ప్రక్క సందులో కొళాయి యున్నచోట కూర్చుండవచ్చుననియు, తొమ్మిది గంటలకు కడిగి పోవలెననియు ఒప్పందము కుదిరినది. తొలగింపుమని వ్రాసిన కార్యాలయమునకే మా కభ్యంతరము లేదని మఱల వ్రాసితిమి. అడిగిన దానిలో సగమే దొరకినది. పూలకుండీలు అచ్చటనే యున్నవి.

వార్త చెప్పి పంపినను ఆమె వెంటనే రాలేదు. వేట మొదలై పది దినములైన పిదప, ఒక వాన ఉదయమున సందులో గోనెపట్టా కప్పుకొని కూర్చుండి కనబడెను. కాకులును, పిల్లులును ఆమెకంటె ముందే చేరినవి. చేపలు కొనని నన్ను ఆమె ఇప్పుడు "రాతబాబు" అని పిలుచును. అందు గౌరవమెంతయో, ఎత్తిపొడుపెంతయో నేను నిర్ణయింపలేదు; వ్యాకరణమున దానికి సూత్రము లేదు. ఒకనాడు ఏదో ఋణపత్రము చదివి చెప్పుమని తెచ్చెను. చదివి చెప్పితిని.

మేడమీది దీపము వెలిగించు పని సంఘమువారు నాకప్పగించిరి. దినమును ప్రొద్దు క్రుంకునప్పుడు మెట్లెక్కి పోయి మీట నొక్కుదును. అప్పటికి దక్షిణమున కొండమీది దీపస్తంభము తిరుగుట మొదలుపెట్టును. కొంతసేపటికి సముద్రమున చుక్కలవలె చిన్న చిన్న వెలుగులు కనబడును. వానిలో ముసలివాని కుమారుని పడవ ఏదియో నేనెఱుగను. మనుమరాలు మాత్రము ఒకదానిని చూపి అదియే యని పందెము కాయును.

మొన్న నాకు జ్వరము వచ్చి, మందు మత్తున సాయంకాలమే నిద్రపోతిని. దీపము సంగతి ఎవరికిని జ్ఞాపకము లేదు. రాత్రి ఎనిమిది గంటలకు మనుమరాలు కిటికీ యొద్ద నిలుచుండి, ఉలికిపడి, లిఫ్టు రాకముందే మెట్లమీదుగా పరుగెత్తిపోయి వెలిగించి వచ్చినది. రెండు దినముల తరువాత నేను మఱల నడకకు పోయినప్పుడు, ముసలి జాలరి పడవ ప్రక్కనుండి నన్ను కేకవేసెను.

"మొన్న రేత్తిరి మీ దీపం ఆలిస్యమైనాదని మా గుంటడు సెప్పినాడు బాబూ. ఒంట్లో బాగున్నాదా?"